బురుజు మీది గండి

ఆ తీరం మధ్యధరా సముద్రతీరంలా ఉండదు. ఉండక్కర్లేదు కూడా. ఈ మాట నిరుడు మా ఇంజినీరు మొహం మీదే, ఇంగ్లీషులో అన్నాను. ఇప్పుడు ఇబ్రిలో, సముద్రం వాసన కూడా రాని ఊళ్ళో కూర్చుని, తెలుగులో మళ్ళీ అంటున్నాను. నన్ను ఇక్కడికి పంపింది ఆ మాటే గనక, దాన్ని పూర్తిగా రాసి పెట్టే హక్కు నాకుంది.

ముందు ఆ తీరంలో ఏముందో చెప్పాలి. నేను డిప్లొమా చదివిన సర్వేయర్ని. ఉన్నది ఉన్నట్టు కొలిచి కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. మస్కట్ నుంచి తీరం వెంట, అప్పటికి ఇంకా తారు పడని రోడ్డు మీద జీపులో వెళితే ఆ ఊరు వస్తుంది. దక్షిణం వైపు నుంచి మొదలుపెడితే: ఖర్జూర తోట, కొండల్లోంచి దానికి నీళ్ళు తెచ్చే ఫలజ్ అనే సన్నటి కాలువ. తోట అంచున మట్టి గోడల ఇళ్ళు, ఖర్జూర మట్టలతో అల్లిన పాకలు. ఇసక మీద ఎండబెట్టిన కవళ్ళు అనే చిన్న చేపలు, ఆ వాసన. మట్టలు కట్టలు కట్టి చేసిన చిన్న పడవలు, వాటి పక్కన చెక్క పడవలు. ఒక మంచినీళ్ళ బావి, దాని చుట్టూ మేకలు. చివర, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నల్లరాతి గుట్ట. గుట్ట మీద బురుజు.

ఆ బురుజు గుండ్రటిది. రాయీ మట్టీ కలిపి కట్టారు. పైన సగం కూలిన పిట్టగోడ, లోపల పావురాలు, తుప్పు పట్టిన ఒక ఫిరంగి గొట్టం. పోర్చుగీసు వాళ్ళు కట్టారని మా ఆఫీసులో అన్నారు. పోర్చుగీసు వాళ్ళని తరమడానికి మా తాతల తాతలు కట్టారని ఊళ్ళో అన్నారు. ఎవరిది నిజమో నేను కొలిచి చెప్పలేను. గోడ మందం మాత్రం చెప్పగలను. ఒక మనిషి అడ్డంగా పడుకోవచ్చు.

బురుజు వెనక, ఊరు దాటి దూరంగా, తుప్పు రంగు కొండలు. వాటి మధ్య కత్తితో కోసినట్టు ఒక గండి. చూడ్డానికి బాగుంటుందని మాత్రమే మొదట్లో అనుకున్నాను.

మా ఇంజినీరుది మధ్యధరా ఒడ్డున ఒక రేవు పట్నం. అక్కడ యుద్ధం మొదలై ఆఫీసు మూతపడితే ఒమాన్ వచ్చాడు. మంచి ఇంజినీరు, నాకు పని నేర్పిన మనిషి. కోపం వస్తే మాత్రం పెన్సిళ్ళు విరిచేవాడు. ఆయన డ్రాయింగు బల్లకి ఎప్పుడూ ఒక పోస్టుకార్డు గుచ్చి ఉండేది. వంపు తిరిగిన అఖాతం, ఒడ్డు పొడుగునా నడిచే బాట, తెల్లటి మేడలు, గొడుగుల కింద కుర్చీలు. ఉదయం కాఫీ తాగుతూ దానికేసి చూసేవాడు. తాగడం అయిపోయినా చూస్తూనే ఉండేవాడు.

"ఈ ఊరిని ఇలా చెయ్యాలి" అని మొదటిరోజే ఆ కార్డు మీద వేలు పెట్టాడు. "ఇక్కడ హోటలు. ఇక్కడ నడక బాట. అన్నీ తెల్లగా. నువ్వు నేల కొలిచి పటం ఇయ్యి చాలు."

కొలిచాను. ఉన్నవన్నీ గీశాను. పటం చూసి ఆయన ఎర్ర పెన్సిలు తీశాడు.

"ఇదేమిటి?"

"చేపలు ఎండేసే చోటు సార్."

ఎర్ర గీత. "ఇది?"

"పడవలు లాగే చోటు."

ఎర్ర గీత. "ఇది?"

"బురుజు."

అక్కడ పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాని మీదా పడింది. "హోటలు భోజనశాల సరిగ్గా ఇక్కడ వస్తుంది. మూడు వైపులా సముద్రం. పటం మీద 'ఖాళీ రాతి నేల' అని రాయి."

"ఖాళీగా లేదు కదా సార్."

"ఉంటుంది."

నేను రాయలేదు. రేపు రాస్తానని కూడా అనలేదు. పటం చుట్టి నా గదికి తెచ్చుకున్నాను. పాత గోడ అంటే నాకేదో ప్రేమ అని కాదు. సర్వే పటంలో ఉన్నదాన్ని లేదని రాస్తే అది సర్వే కాదు. నాకు చదువు చెప్పినవాళ్ళు ఆ ఒక్క విషయంలో చాలా కఠినంగా ఉండేవాళ్ళు.

ఒడ్డున నేను దిశలు కొలిచే దుర్భిణీ, అదే థియోడొలైట్, పెట్టుకున్న ప్రతిసారీ ఒక పెద్దాయన వచ్చి నిలబడేవాడు. ఆ ఊరి పడవల్లో పెద్ద పడవ ఆయనదే. పడవ నడిపే పెద్దని అక్కడ నాఖుదా అంటారు. బలూచీ మూలాల మనిషి, కరాచీలోనూ బొంబాయిలోనూ సరుకు దించినవాడు, అందుకని ఉర్దూ ధారాళంగా వచ్చు. నోరు పెద్దది. నన్ను దుర్భిణీ బాబు అని పిలిచేవాడు.

"ఏం దుర్భిణీ బాబూ, దొరికిందా?"

"ఏం దొరకాలి?"

"ఏమో. వచ్చినప్పట్నుంచీ ఒంటికన్నుతో వెతుకుతున్నావు. నా ఒంటె తప్పిపోయింది, అది కనిపిస్తే చెప్పు."

ఆయన పడవ కుర్రాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మాది భీమిలి. మా జాలరి పేటలో వాళ్ళు సముద్రంలో దారి ఎలా పడతారో చిన్నప్పట్నుంచీ చూశాను. కొండ మీది గుడి, ఒడ్డున దీపస్తంభం, రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా తెడ్డు వేస్తారు. అందుకని అడిగాను, "మీరు లోపలికి వచ్చేటప్పుడు దేనికి గురి పెడతారు?"

ఆయన నవ్వు ఆగింది. "నీకా సంగతి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మాదీ సముద్రపు ఊరే."

"అయితే సాయంత్రం రా. పడవెక్కు. కక్కుకుంటే మాత్రం నీ టోపీలోనే కక్కుకో."

ఆ సాయంత్రం బయటికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు చూశాను. ఒడ్డుకి ముందు నీళ్ళలో మునిగిన రాళ్ళ బారు ఉంది. పోటు మీద పైకి కనపడదు. నురగ కూడా రాదు. దాన్లో ఒక్కచోట పడవ పట్టేంత సందు. నాఖుదా చుక్కాని పట్టుకుని నీళ్ళకేసి అసలు చూడలేదు. ఒడ్డుకేసే చూస్తున్నాడు. బురుజు మెల్లగా పక్కకి జరుగుతూ జరుగుతూ వెళ్ళి కొండల గండి కింద నిలబడింది. తుపాకీ మీది గురిలాగా. అప్పుడు చుక్కాని తిప్పాడు.

రెండు పక్కలా నీళ్ళు పచ్చబడి రాళ్ళ నీడలు కనిపించేసరికి, "ఇంజను తగ్గించండి!" అని అరిచాను.

"ఒడ్డున నీ దుర్భిణీకి ఆజ్ఞలివ్వు" అన్నాడు ఆయన, తగ్గించకుండా. "సముద్రంలో నేనిస్తాను."

మర్నాడు బురుజు దగ్గర నిలబడి గండికీ బురుజుకీ మధ్య దిశ తీశాను. పటం మీద ఆ రెండింటినీ కలుపుతూ ముక్కలు ముక్కలుగా ఒక విరుగు గీత గీసి సముద్రంలోకి, రాళ్ళ సందు దాకా లాగాను. పక్కన రాశాను: 'పడవలు వచ్చే దారి. దీనికి అడ్డం కట్టరాదు.' ఇంజినీరు ముందు పెట్టాను.

ఆయన ఆ మాటల కింద పెన్సిలు పెట్టాడు. "సర్వేయరు కట్టరాదు అని రాయడు. కొలతలు రాస్తాడు."

"దిశ కూడా కొలతే సార్."

"బురుజు తీసేసి అక్కడే ఒక అందమైన స్తంభం కట్టిస్తాను. తెల్లది. సరేనా?"

"భోజనశాలలో మధ్యనా సార్?"

పెన్సిలు విరిగింది. నన్ను కొత్త రోడ్డు లెవెల్సు చూడమని కొన్నాళ్ళు రుస్తాఖ్ పంపాడు.

నేను రుస్తాఖ్ నుంచి తిరిగొచ్చేసరికి ఒడ్డున ఒక బోర్డు లేచింది. రోడ్డుకీ బురుజుకీ మధ్య, ఇనప గొట్టాలతో పరంజా కట్టి, దాని మీద పలకలు బిగించి. మనవైపు సినిమా హాలు ముందు పెట్టే బొమ్మలకన్నా పెద్దది. రోడ్డు వైపు మొహం మీద నీలం సముద్రం, తెల్ల హోటలు, గొడుగులు. అచ్చం ఆ పోస్టుకార్డే. ఎవరో పెద్దలు మస్కట్ నుంచి స్థలం చూడటానికి వస్తారట, రోడ్డు మలుపులోనే వాళ్ళకి కనపడాలట. వెనక వైపు, అంటే సముద్రం వైపు, రంగు లేని పలకలు. బురుజు కన్నా ఎత్తు. బురుజు రంగే.

ఆ బోర్డు సరిగ్గా నా విరుగు గీత మీద ఉంది. జీపు దిగి ఒడ్డుకి పరిగెత్తాను. అప్పటికే ఒక పడవని ఇసక మీదకి లాగి ఉన్నారు. అడుగు పలకలు చీలిపోయాయి. ముందు సాయంత్రం, గాలిలో తేమ పొగలా పట్టి ఉన్నప్పుడు, అది రాళ్ళ మీదకి ఎక్కిందట. మనుషులు ఈది వచ్చారు. వల పోయింది.

నాఖుదా పడవ పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆ రోజు దుర్భిణీ బాబు అనలేదు.

"అది నా తమ్ముడి పడవ. వాడు గండి కోసం చూశాడు. గండి లేదు. బురుజు కోసం చూశాడు. ఎక్కడ బురుజు అయిపోయి ఎక్కడ మీ చెక్కలు మొదలయ్యాయో తెలియలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళకి సముద్రం బొమ్మ చూపించడానికి, సముద్రంలో ఉన్నవాళ్ళకి ఒడ్డు దాచేశారు మీరు."

"నేను లేను ఇక్కడ" అన్నాను.

"ఇప్పుడున్నావుగా" అన్నాడు.

ఇంజినీరు మస్కట్‌లో ఉన్నాడు. వైర్‌లెస్ మీద మాట్లాడాను. గరగర మధ్య ఆయన జవాబు స్పష్టంగానే వినిపించింది. పెద్దలు శనివారం వస్తున్నారు. అప్పటిదాకా బోర్డు కదలకూడదు. పడవలు అప్పటిదాకా వేరే చోట దిగాలి.

వేరే చోటు లేదు. ఆ తీరం పటం గీసింది నేను. నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఆ రోజు గురువారం. పడవలు అప్పటికే మధ్యాహ్నం వేటకి వెళ్ళిపోయాయి. ఇంకా రాలేదు. నేను కూలీల రూమ్ దగ్గరికి వెళ్ళాను. ఆ బోర్డు నిలబెట్టింది మన కరీంనగర్ వాళ్ళే. వాళ్ళ మేస్త్రి, పెద్ద మీసాల మనిషి, బియ్యం ఏరుతున్నాడు.

"మేస్త్రీ, బోర్డు విప్పాలి. ఇప్పుడే. పడవలు వచ్చేలోపల."

ఆయన పళ్ళెం పక్కన పెట్టాడు. "ఏ బోర్డు సారూ? మొన్ననే గదా నిలవెట్టినం. చేతులు బొబ్బలెక్కినయ్."

"దానివల్ల పడవ పగిలింది. ఇంకా అయిదారు పడవలు బయట ఉన్నాయి."

"ముదీర్ సారు చెప్పిండా?" ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు, వాళ్ళు ఇంజినీరుని అలాగే అనేవాళ్ళు.

"లేదు. వద్దన్నాడు."

రూమ్‌లో ఉన్నవాళ్ళంతా నావైపు తిరిగారు. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

"మరి రేపు ముదీర్ అడిగితే ఏం జెప్పాలె?"

"నేను విప్పమన్నానని చెప్పండి. నా పేరే చెప్పండి."

"మీ ఒక్కల పేరు జెప్తే మీ ఒక్కల నౌకరి వోతది" అన్నాడు లేస్తూ. "మేం గింతమందిమి ఇప్పినం అంటే గింతమందిని పంపుతడా? పంపితే రేపు సైట్ల సిమెంటు ఎవలు కలుపుతరు, ఆయన కలుపుతడా? నడువుండ్రి. మా ఊర్ల గూడ బురుజుంది సారూ. దానికి అడ్డంగ ఎవడన్న చెక్కలు గొడితే మా అవ్వ చీపురు తిరగేస్తది."

ఒక్క విషయం మాత్రం నేను పట్టుబట్టాను. విరగ్గొట్టకూడదు. పలక మీద పలక, బొమ్మ వైపు సుద్దతో అంకె వేసి, వరసగా పేర్చాం. బోల్టులు ఒక డబ్బాలో, నట్లు ఇంకో డబ్బాలో. గొట్టాలు పొడుగును బట్టి వేరు చేశాం. కంపెనీ సొమ్ము పాడు చేశారన్న మాట ఎవరి నోటా రాకూడదు. మేం చేసింది విధ్వంసం కాదు. తప్పు చోట కట్టినదాన్ని విప్పడం.

"పెండ్లి పందిరి గూడ గింత పద్ధతిగ ఇప్పలే సారూ మేము" అని మేస్త్రి గొణిగాడు.

పలకలు దిగుతున్న కొద్దీ వెనక కొండ బయటపడింది. ఆఖరి వరస దిగేసరికి గండి కనిపించింది. సూర్యుడు కొండల అవతలికి దిగి గండిలో ఎర్రటి వెలుగు నిలిచి ఉంది. పడవలు ఒకటొకటే వచ్చాయి. మేం పరంజా గొట్టాల మీదే కూర్చుని చూశాం. ప్రతి పడవా బయట కాసేపు తచ్చాడటం, ఒక్కసారి ముక్కు తిప్పి నేరుగా లోపలికి రావడం. ఆఖరి పడవ ఇసక తాకాక మేస్త్రి "ఇగ బియ్యం వొండుకుందాం పట్టుండ్రి" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంజినీరు వచ్చాడు. బోర్డు లేని ఖాళీ చూసి జీపు ఆగకుండానే దిగబోయాడు.

"ఎవరు?"

"నేను" అన్నాను.

"మేం గూడ" అన్నాడు మేస్త్రి వెనకనుంచి, తెలుగులోనే. ఆయన వెనక రూమ్ మొత్తం నిలబడి ఉంది. భాష రాకపోయినా ఇంజినీరుకి అర్థమైంది.

"రేపు మనుషులు వస్తున్నారు. వాళ్ళకి ఏం చూపించను? ఎండు చేపలా?"

"చూపించండి" అన్నాను. "ఆ చేపలు ఈ సముద్రానివే. ఈ తీరం మీ తీరంలా ఉండదు సార్. ఉండక్కర్లేదు. దీనికి దీని బురుజుంది, దీని గండి ఉంది, వాటిని నమ్ముకుని ఇంటికొచ్చే మనుషులున్నారు. ఇది ఖాళీ నేల అని నేను రాయను."

"అయితే నీ పటం ఇచ్చెయ్యి. ఆ గీత చెరిపి ఇంకొకడి చేత సంతకం పెట్టిస్తాను."

"పటం ఇస్తాను. గీత నేను చెరపను. చెరిపితే మీ చేత్తో చెరపండి." ఆగాల్సింది, ఆగలేదు. "మీ రేవులో పడవలు దేన్ని చూసి లోపలికి వచ్చేవి సార్?"

ఆయన నన్ను దాటి, బురుజుకేసి చూశాడు. పోస్టుకార్డుకేసి కాఫీ అయిపోయాక కూడా చూసే చూపే అది. నాకు జాలేసిందని చెప్పలేను. ఇల్లు పోగొట్టుకున్న మనిషి బాధ నాకు తెలియనిది కాదు. కానీ దానికి పరిహారం ఈ ఊరివాళ్ళు కట్టాలా?

"నువ్వు వచ్చే వారం నుంచి ఇబ్రిలో ఉంటావు" అన్నాడు చివరికి. "అక్కడ ఇసక తప్ప ఏమీ లేదు. ఎన్ని గీతలైనా గీసుకో."

బోర్డుని ఆ సాయంత్రమే మళ్ళీ కట్టించాడు. అయితే రోడ్డుకి అవతల పక్క, పొట్టిగా, తోట గోడ ఎత్తున. చోటు ఎవరు మార్చారో నాకు చెప్పలేదు. అంకెలు వేసి ఉండబట్టి పని తేలికగా అయిందని మేస్త్రి తర్వాత చెప్పాడు.

ఇబ్రిలో దుకాణాల వరసకీ, ఒక గోదాముకీ, రెండు రోడ్లకీ లెవెల్సు తీశాను. ఎక్కడ ఏమున్నా పటంలో పెట్టాను. ఒక గోరీ, ఒక ఎండిన బావి, ఎవరో నాటిన ఒంటరి రేగు చెట్టు కూడా. చెరపమని ఎవరూ అడగలేదు. అడిగితే నా జవాబు వాళ్ళకీ తెలుసనుకుంటాను.

చలికాలంలో సిమెంటు లారీ ఎక్కి ఒక శుక్రవారం ఆ ఊరు వెళ్ళాను. ఇంజినీరు మస్కట్‌లో ఉన్నాడు. మేస్త్రి నన్ను సైట్ ఆఫీసులోకి తీసుకెళ్ళి గోడ మీద కొత్త పటం చూపించాడు. హోటలు భోజనశాల తోట వైపు జరిగింది. నల్లరాతి గుట్ట మీద బురుజు అలాగే ఉంది. దాని పక్కన ఇంజినీరు సొంత దస్తూరీ: 'అతిథుల కోసం చారిత్రక దృశ్యం.' నా విరుగు గీత ఉంది. నా మాటలు లేవు. గీత మీద ఏ కట్టడమూ లేదు.

"గదేంది సారూ, మంచిగనే రాసిండా?" అన్నాడు మేస్త్రి.

"దృశ్యం అట" అన్నాను. "పేరేదైనా పెట్టుకోనీ. నిలబడితే చాలు."

చేపలు ఎండేసే చోటు మాత్రం పటంలో ఎర్ర గీత కిందే ఉంది. దాని గురించి ఊరివాళ్ళు పెద్దల దగ్గరికి వెళ్ళారనీ, మాట ఇంకా తేలలేదనీ నాఖుదా చెప్పాడు. తేలేదాకా రోజూ అక్కడే ఎండేస్తామన్నాడు. ముందుకన్నా ఎక్కువే ఎండేసినట్టున్నారు. కాలు పెట్టే చోటు లేదు.

"పడవెక్కు దుర్భిణీ బాబూ" అన్నాడు.

తమ్ముడి పడవ. అడుగున కొత్త పలకలు ఇంకా రంగు మారలేదు. రాళ్ళ బారు దాటి బాగా బయటికి వెళ్ళాం. పొద్దు వాలుతుంటే ఆయన లేచి, చుక్కాని నా చేతిలో పెట్టి, ఇంజను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"తీసుకెళ్ళు."

నీళ్ళకేసి చూడాలని మెడ లాగేస్తుంది. చూడలేదు. బురుజు ఎడమకి ఉంది. మెల్లగా జరిగింది. ఇంకొంచెం. ఇంకా. గండి కిందకి వచ్చి నిలబడింది. చుక్కాని తిప్పాను. రెండు పక్కలా నీళ్ళు పచ్చబడ్డాయి.

"ఇంజను తగ్గించండి" అన్నాను.

తగ్గించాడు.